ఆట మధ్యలో ఆగిపోయే కంప్యూటర్ – 3వ పాఠం: నీలి తెర కూడా రాకుండా రీస్టార్ట్ అయితే

కిందటి పాఠంలో ఆగిపోవడాన్ని మూడు రకాలుగా విడదీశాం: ఆట ఒక్కటే మూసుకుపోయి డెస్క్‌టాప్ కనబడటం, నీలి తెర (విండోస్ తప్పు చెప్పి ఆగిపోయే తెర, కొత్త విండోస్ 11లో ఇది నల్లగా ఉంటుంది) రావడం, ఏ సందేశమూ లేకుండా మొత్తం మెషీన్ ఆరిపోయి మళ్లీ లేవడం. ఈసారి మూడోది చూద్దాం. చాలామంది ఈ దశలో విండోస్ తీసేసి మళ్లీ ఎక్కిస్తారు. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టే అది. ఈ రకంలో తప్పు ఎక్కువసార్లు కరెంటు వచ్చే దారిలో, గోడ ప్లగ్గుకీ గ్రాఫిక్స్ కార్డుకీ మధ్య ఎక్కడో ఉంటుంది.

ముందు ఇది నిజంగా మూడో రకమేనా అన్నది తేలాలి. నీలి తెర వచ్చినా విండోస్ వెంటనే రీస్టార్ట్ చేసేస్తుంది కాబట్టి మన కంటికి అది ఆనకపోవచ్చు. అడ్వాన్స్‌డ్ సిస్టమ్ సెట్టింగ్స్ తెరిచి, స్టార్టప్ అండ్ రికవరీ కింద సెట్టింగ్స్ నొక్కి, ఆటోమేటికల్లీ రీస్టార్ట్ ఎదురుగా ఉన్న టిక్కు తీసేయండి. ఇక నీలి తెర వస్తే అక్కడే నిలబడుతుంది.

తర్వాత ఈవెంట్ వ్యూయర్, అంటే విండోస్ తనలో జరిగినవి రాసుకునే చిట్టాను చూపే ప్రోగ్రాము. విండోస్ లాగ్స్‌లో సిస్టమ్ తెరిచి, ఆగిపోయిన సమయం దగ్గర కెర్నెల్-పవర్ 41 అనే ఎర్ర గుర్తు వెతకండి. అది కనబడగానే కారణం దొరికిందనుకోకండి. 'సరిగ్గా షట్‌డౌన్ కాకుండా లేచాను' అని విండోస్ చెప్పుకోవడమే దాని అర్థం. అసలు విషయం డీటెయిల్స్ ట్యాబ్‌లోని బగ్‌చెక్‌కోడ్‌లో ఉంటుంది. అక్కడ 0 ఉంటే తప్పు రాసుకునే వ్యవధి కూడా విండోస్‌కు దొరకలేదు. వేరే అంకె ఉంటే అది రెండో రకం: 278 అయితే డిస్‌ప్లే డ్రైవర్ జవాబివ్వలేదు, 292 అయితే హార్డ్‌వేర్ తప్పును ప్రాసెసరే పట్టుకుంది. అదే చిట్టాలో పక్కనే డబ్ల్యూహెచ్ఈఏ-లాగర్ 18 (హార్డ్‌వేర్ తప్పు జరిగిందని విండోస్ రాసుకునే గుర్తు) కూడా ఉంటే అనుమానం ప్రాసెసర్, మదర్‌బోర్డుల మీదికి మళ్లాలి. ఒక చిక్కుంది. బిగుసుకుపోయిన మెషీన్‌ని మీరే పవర్ బటన్ నొక్కిపట్టి ఆపినా 0 యే ఉంటుంది. అలా ఆపినవాటిని ఈ లెక్కలో కలపకండి.

సున్నాయే అని తేలింది కదా, ఇప్పుడు గోడ దగ్గర మొదలుపెడదాం. మన ఇళ్లలో మొదటి అనుమానితుడు యూపీఎస్. పెట్టె మీద 600 వీఏ అని పెద్దగా రాసి ఉన్నా అది మోయగలిగేది సాధారణంగా 360 వాట్లు మాత్రమే. ఆర్టీఎక్స్ 4070 లాంటి గ్రాఫిక్స్ కార్డు 200 వాట్లు, 65 వాట్ల రకం రైజెన్ ప్రాసెసర్ పూర్తి పనిలో 88 వాట్లు, బోర్డు, ఫ్యాన్లు, డిస్కులు కలిపి ఓ 50 అనుకుందాం. ఎస్ఎంపీఎస్ (గోడ కరెంటును కంప్యూటర్‌కు కావలసినట్టు మార్చే క్యాబినెట్ లోపలి పెట్టె) తన నష్టాన్ని కలుపుకుని గోడ నుంచి సుమారు 390 లాగుతుంది, మానిటర్ వేరే. కరెంటు సరిగా ఉన్నంతసేపూ ఇది నడిచిపోవచ్చు. సాయంత్రం వోల్టేజీ పడి యూపీఎస్ బ్యాటరీకి మారిన క్షణంలో కుప్పకూలుతుంది. డెస్క్‌టాప్ మీద రాని సమస్య ఆటలోనే రావడానికి ఇదో కారణం. యూపీఎస్, ఎక్స్‌టెన్షన్ బాక్సు రెండూ తప్పించి, నేరుగా ఎర్తింగ్ ఉన్న గోడ సాకెట్టులో పెట్టి రెండు రోజులు ఆడి చూడండి.

తర్వాత క్యాబినెట్ లోపల. ప్లగ్గు పీకేశాకే చెయ్యి పెట్టండి. కార్డుకు రెండు 8 పిన్నుల సాకెట్లుంటే ఎస్ఎంపీఎస్ నుంచి రెండు విడి కేబుళ్లు రావాలి. ఒకే కేబుల్‌కు ఉన్న రెండు తలల్నీ గుచ్చేయడం మామూలుగా జరిగే పొరపాటు. ఒక్కో 8 పిన్నుల సాకెట్టు 150 వాట్ల కోసం. అంత భారం ఒక్క కేబుల్ మీద పడితే వోల్టేజీ తగ్గుతుంది. కొత్త కార్డుల్లోని 16 పిన్నుల కనెక్టరైతే సందు కనబడకుండా పూర్తిగా దిగాలి, మొదటి 35 మిల్లీమీటర్లు వంచకూడదు. ఇంకొక ఎస్ఎంపీఎస్ తాలూకు మాడ్యులర్ (ఊడదీయగలిగే) కేబుల్ సరిపోయింది కదా అని వాడితే మాత్రం బోర్డో డిస్కో కాలిపోవచ్చు. ఆకారం ఒకటే అయినా పిన్నుల వరస వేరు.

ఆగిపోయే తీరు కూడా గమనించండి. ఆరిపోయి, వెనక స్విచ్ ఆపి వేస్తే తప్ప లేవకపోతే ఎస్ఎంపీఎస్ తనను తాను కాపాడుకోవడానికి ఆపేసుకుంది. దానంతటదే రీస్టార్ట్ అయితే వోల్టేజీ ఓ క్షణం పడిపోయి, బోర్డు రీసెట్ అయి ఉండవచ్చు. గ్రాఫిక్స్ కార్డు తన సగటు వాడకానికి రెట్టింపు దాకా కరెంటును మిల్లీ సెకన్ల పాటు లాగగలదు. సగటు లెక్కల్లో ఈ ఎగుడు కనబడదు. ఎస్ఎంపీఎస్‌ల కోసం 2022లో వచ్చిన ఏటీఎక్స్ 3.0 ప్రమాణం ఇలాంటి కుదుపుల్ని తట్టుకోవాలని నియమం పెట్టింది. పాత ఎస్ఎంపీఎస్ మీద 650 వాట్లు అని రాసి ఉన్నా ఆ హామీ లేదు.

దీన్ని నిరూపించడానికి ఖర్చేమీ అక్కర్లేదు. గ్రాఫిక్స్ కార్డును అదుపు చేసే ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్ ప్రోగ్రాములో పవర్ లిమిట్‌ను 70 శాతానికి దించి, ఆటలో ఫ్రేములను సెకనుకు 60కి కట్టేసి, ఎక్కడ ఆగిపోతోందో అదే సన్నివేశం గంటసేపు ఆడండి. ఆగకపోతే దోషి ఎస్ఎంపీఎస్, కేబుళ్లు, కార్డు ఈ మూడింట్లోనే ఉన్నట్టు. తర్వాత పరిమితి మామూలుకు తెచ్చి, ఓసీసీటీ అనే పరీక్షల ప్రోగ్రాములో ప్రాసెసర్ పరీక్ష ఒక్కటే, గ్రాఫిక్స్ పరీక్ష ఒక్కటే, ఆపై రెండూ కలిసిన పవర్ పరీక్ష, ఒక్కోటి 20 నిమిషాలు నడపండి. విడివిడిగా నిలిచి కలిపితే పడితే ఎస్ఎంపీఎస్ మీద బలమైన అనుమానం. గ్రాఫిక్స్ ఒక్కదానికే పడితే కార్డు, దాని కేబుళ్లు. ప్రాసెసర్ ఒక్కదానికే పడితే ముందు ఓవర్‌క్లాక్ (ప్రాసెసర్‌ను మామూలు కంటే వేగంగా నడిపే అమరిక) ఉంటే తీసేయండి. మూడూ నిలిచినా ఎస్ఎంపీఎస్ నిర్దోషి అనుకోలేం, ఎందుకంటే ఈ పరీక్షల భారం నిలకడగా ఉంటుంది. ఆటలో మెనూ నుంచి యుద్ధంలోకి దూకినప్పుడు భారం ఒక్కసారిగా ఎగబాకుతుంది.

ఎస్ఎంపీఎస్ ఇచ్చే 12 వోల్టుల లైను 11.4కీ 12.6కీ మధ్య ఉండాలి. సెన్సర్ల అంకెలు చూపే హెచ్‌డబ్ల్యూ ఇన్ఫో ప్రోగ్రాములోని వోల్టేజీ అంకెను పూర్తిగా నమ్మకండి, బోర్డు సెన్సర్లు తరచు తప్పు చెబుతాయి. వేడి గురించి మాత్రం అందులోని లాగ్ పనికొస్తుంది. వేడివల్ల ఆరిపోయే ముందు సాధారణంగా ఫ్రేములు తగ్గి ఆట నత్తనడక నడుస్తుంది. హాయిగా సాగుతున్న ఆట చటుక్కున ఆరితే వేడిని ముందుగా అనుమానించనక్కర్లేదు. రైజెన్ 7000 ప్రాసెసర్లలో కొన్ని 95 డిగ్రీల దాకా వెళ్లేలా తయారైనవే, ఆ అంకె చూసి కంగారుపడకండి.

చివరికి ఎస్ఎంపీఎస్ దగ్గరే ఆగితే, తెలిసినవాళ్ల దగ్గర నుంచి బాగున్న 750 వాట్లది అరువు తెచ్చి, దాని కేబుళ్లతో సహా పెట్టి చూశాకే కొత్తది కొనండి. పాతదాన్ని విప్పి బాగుచేసే ప్రయత్నం వద్దు, ప్లగ్గు తీశాక కూడా లోపలి కెపాసిటర్లలో ప్రాణాంతకమైన కరెంటు నిలిచి ఉంటుంది.

వచ్చే పాఠానికి ముందు ఒక కాగితం మీద తేదీ, సమయం, ఆడుతున్న ఆట, బగ్‌చెక్‌కోడ్, ఆ రోజు మార్చిన ఒకే ఒక్క విషయం వరసగా రాస్తూ రండి. ఒకేసారి రెండు మారిస్తే ఆ పేజీ పనికిరాదు. సున్నా కాని కోడ్‌లు వచ్చినవాళ్లకు 4వ పాఠం ర్యాము పరీక్షతో మొదలవుతుంది. దానికి ఖాళీ పెన్‌డ్రైవ్ ఒకటి సిద్ధంగా ఉంచుకోండి.