విశ్వాస ప్రమాణాలను చదవడం, నాలుగో పాఠం: 'మాత్రమే' అనే మాట ఎక్కడి నుంచి వచ్చింది?

పోయిన పాఠం చివర ఇచ్చిన అభ్యాసంలో చాలామంది ఒకే చోట కాలు జారారు. విశ్వాస ప్రమాణమంటే ఒక సంఘ శాఖ తాను ఏమి నమ్ముతుందో రాసుకున్న పత్రం. 1689 నాటి లండన్ బాప్టిస్టు విశ్వాస ప్రమాణంలో 26వ అధ్యాయం చదివి, ఆ సంఘాల్లో తుది అధికారం ఎవరిదో చెప్పమన్నాను. ఎక్కువమంది 'బిషప్పుల పాలన' అని రాశారు. కొందరు 'పెద్దల పాలన' అన్నారు. రెండు జవాబులూ తప్పే. పొరపాటు ఎక్కడ జరిగిందో వెతకడం కష్టం కాలేదు. ఆ అధ్యాయం ఎనిమిదో పేరాలో సంఘ సేవకులు 'బిషప్పులు లేక పెద్దలు, పరిచారకులు' అని ఉంది. ఆ పేరు కంటపడగానే చాలామంది చదవడం ఆపేశారు.

ఇందులో నా లోపం కూడా ఉంది. మూడో పాఠంలో నేనిచ్చిన పట్టికలో బిషప్పులకు ఒక గడి, పెద్దలకు ఒక గడి, సభ్యులకు ఒక గడి ఉన్నాయి. పేరు చూసి గడిలో వేస్తే చాలన్న అభిప్రాయం ఆ పట్టికే కలిగించింది. దాన్ని కొట్టేయండి. ఈ రోజు సంస్కారాల గురించి, అంటే బాప్తిస్మం, ప్రభురాత్రి భోజనం (ప్రభువు బల్ల) గురించి, ముఖ్యంగా ఆ భోజనాన్ని 'సూచన మాత్రమే' అనడం గురించి చెప్పాలి గానీ, ఈ ముడి విప్పకుండా అక్కడికి వెళితే ప్రభువు బల్ల దగ్గర ఇదే తప్పు ఇంతకు రెట్టింపవుతుంది.

అపొస్తలుల కార్యములు 20వ అధ్యాయం తెరవండి. 17వ వచనంలో పౌలు ఎఫెసు సంఘపు పెద్దలను పిలిపించాడు. 28వ వచనంలో ఆ మనుషులనే 'అధ్యక్షులు' అన్నాడు. బిషప్పు అనే మాటకు మూలమైన గ్రీకు పదం అదే. బాప్టిస్టులు, ప్రెస్బిటేరియన్లు (పెద్దల సభల పాలనలో ఉండే సంఘాలవారు) ఈ భాగాన్ని చూపించి, పెద్ద అన్నా అధ్యక్షుడన్నా ఒకటే పదవి అంటారు. ఆంగ్లికన్లు (ఇంగ్లండ్ సంఘ సంప్రదాయం వారు) బిషప్పును పెద్దల కంటే వేరైన పరిచర్యగా నిలుపుకున్నారు. పదం ఒకటే అయినా దానికిచ్చే అర్థం ప్రమాణాన్ని బట్టి మారుతుంది. కాబట్టి పదవి పేరు మీకు ఏమీ చెప్పదు. క్రియాపదాలు చెబుతాయి.

మూడు క్రియలు వెతకండి. సేవకుణ్ణి ఎవరు ఎన్నుకుంటారు? తప్పు చేసిన సభ్యుణ్ణి ఎవరు వెలివేస్తారు? ఆ వెలి అన్యాయమనిపిస్తే మనవి ఎంతవరకు వెళుతుంది? నాకు మూడోది ముఖ్యం. నేను ఏ ప్రమాణాన్నీ మొదటి పేజీ నుంచి చదవను. ముందు క్రమశిక్షణ గురించిన భాగానికి వెళతాను. 'క్రీస్తే సంఘానికి శిరస్సు' అని అందరూ రాస్తారు. మనుషుల్లో చివరి మాట ఎవరిదో మాత్రం గొడవ వచ్చినప్పుడే తెలుస్తుంది.

ఒక సంఘంలో ఒక స్త్రీని ప్రభువు బల్ల నుంచి నిలిపివేశారనుకోండి. ఆమె తన మీద మోపిన తప్పు నిజం కాదంటోంది. 1646లో పూర్తయిన వెస్ట్‌మిన్‌స్టర్ ప్రమాణం ప్రకారం ఆమెకు పైమెట్టు ఉంది. 31వ అధ్యాయం ప్రకారం సినడ్లు, అంటే అనేక సంఘాల తరఫున కలిసే సభలు, ఇలాంటి ఫిర్యాదులు విని అధికారంతో తీర్పు చెప్పవచ్చు, ఆ తీర్పు దేవుని వాక్యానికి అనుగుణంగా ఉంటే దానికి లోబడాలి. ఇది ప్రెస్బిటేరియన్ పద్ధతి. ఇప్పుడు 1689 ప్రమాణంలో 26వ అధ్యాయం, 15వ పేరా చూడండి. చిక్కులు వచ్చినప్పుడు అనేక సంఘాలు తమ దూతలను పంపి, కలిసి ఆలోచించి సలహా ఇవ్వడం మంచిదంటుంది. వెంటనే ఆ దూతలకు సంఘాల మీద ఏ అధికారమూ లేదని తలుపు మూస్తుంది. తొమ్మిదో పేరాలో సేవకుణ్ణి ఎన్నుకునేది సంఘ సభ్యులందరి సమ్మతి అని ముందే చెప్పింది. అంటే 'బిషప్పు' అనే మాట ఉన్నా ఇది స్థానిక సంఘ స్వపరిపాలనే. ఆ స్త్రీకి న్యాయం జరిగేది ఆమె సొంత సంఘంలోనే, జరగకపోయేదీ అక్కడే. బిషప్పుల పాలన ఉన్నచోట ఆమె మనవి బిషప్పు దగ్గరికి వెళుతుంది, అక్కడి నుంచి ఆ సంఘ చట్టం నియమించిన న్యాయస్థానానికి.

డినామినేషన్ (సంఘ శాఖ) పేరు చూసి పరిపాలన ఊహించడమూ మానండి. 1530 నాటి ఆగ్స్‌బర్గ్ ప్రమాణాన్నే స్వీకరించిన లూథరన్లలో స్వీడన్ సంఘానికి బిషప్పులున్నారు. అమెరికాలో 1847లో ఏర్పడిన మిస్సోరీ సినడ్ అనే లూథరన్ శాఖలో స్థానిక సంఘం తన వ్యవహారాలు తానే చూసుకుంటుంది. ఆ ప్రమాణం ఏడో అంశమే ఇందుకు చోటిచ్చింది: సువార్త బోధలో, సంస్కారాల నిర్వహణలో ఏకాభిప్రాయం ఉంటే ఐక్యతకు అది చాలు, మనుషులు ఏర్పరచిన పద్ధతులు అంతటా ఒకేలా ఉండనక్కరలేదు. మెథడిస్టులలో అమెరికా వారికి బిషప్పులున్నారు, బ్రిటన్ వారికి లేరు.

ఇక సంస్కారాలు. ప్రొటెస్టెంట్లకు బాప్తిస్మం, ప్రభురాత్రి భోజనం అనే రెండే అన్నది మీకు తెలిసిన సంగతే, దాటేస్తున్నాను. క్వేకర్లు, సాల్వేషన్ ఆర్మీ వారు బయటికి కనిపించే ఈ క్రియలు జరపరని గుర్తుంచుకుంటే చాలు. బాప్టిస్టు ప్రమాణాలు 'సంస్కారం' అనే మాటకు బదులు 'ప్రభువు నియమించిన విధి' అనే అర్థమిచ్చే మాట వాడడానికి ఇష్టపడతాయి. ఆ తేడా చూసి అక్కడ కృప లేదంటున్నారని తేల్చేయకండి.

బాప్తిస్మం దగ్గర రెండు ప్రశ్నలే: ఎవరికి, ఎలా? వెస్ట్‌మిన్‌స్టర్, 28వ అధ్యాయం: విశ్వాసం ఒప్పుకున్నవారికే గాక, తల్లిదండ్రుల్లో ఒక్కరు విశ్వాసులైనా ఆ శిశువుకూ ఇవ్వాలి, నీళ్లలో ముంచడం అవసరం లేదు, పోసినా చిలకరించినా సరిపోతుంది. 1689 ప్రమాణం, 29వ అధ్యాయం: తామే విశ్వాసం ఒప్పుకున్నవారికి తప్ప వేరెవరికీ ఇవ్వకూడదు, సరిగా జరగాలంటే ముంచడం అవసరం. రెండింటినీ పక్కపక్కన పెట్టుకోండి. బాప్టిస్టులు వెస్ట్‌మిన్‌స్టర్ పాఠాన్ని ముందు పెట్టుకునే తమది రాసుకున్నారు. అందుకే 'అవసరం' అనే ఆ ఒక్క మాట దగ్గర 'లేదు' పోయి 'ఉంది' రావడం అంత స్పష్టంగా కనిపిస్తుంది. ఇది పండితుల మాటల పంతం అనుకోవద్దు. శిశువుగా బాప్తిస్మం పొందినవారికి మళ్లీ ఇచ్చినందుకు ఫెలిక్స్ మాన్జ్ అనే యువకుణ్ణి 1527 జనవరిలో జూరిక్ ప్రభుత్వం లిమ్మట్ నదిలో ముంచి చంపింది. ఆ ప్రభుత్వమూ ప్రొటెస్టెంటే.

ఈ రెండు ప్రమాణాల మధ్య ఇంకొకటి ఉంది: 1658 నాటి సవాయ్ ప్రకటన. కాంగ్రిగేషనలిస్టులది, అంటే ప్రతి స్థానిక సంఘమూ తన్ను తానే పాలించుకోవాలనేవారిది. బాప్తిస్మంలో వెస్ట్‌మిన్‌స్టర్ వైపు, పరిపాలనలో బాప్టిస్టుల వైపు నిలుస్తుంది. శిశువులకు బాప్తిస్మం ఇస్తుంది గానీ, సినడ్ల గురించిన 31వ అధ్యాయాన్ని పూర్తిగా తొలగించింది. పరిపాలన ఒక ప్రశ్న, సంస్కారం మరో ప్రశ్న అని ఎవరైనా నమ్మకపోతే ఈ పత్రం వారి చేతిలో పెట్టండి. తీసేసిన అధ్యాయాన్ని కూడా చదవడం అలవాటు చేసుకోవాలి.

ఇప్పుడు అసలు విషయం. ఇక్కడ నిదానంగా వెళతాను, ఎందుకంటే ఈ ఒక్క తప్పు నన్ను చాలాకాలంగా బాధపెడుతోంది. ప్రభురాత్రి భోజనం గురించి ప్రొటెస్టెంట్లు ఏమంటారని అడగండి. పదిమందిలో తొమ్మిదిమంది 'అది సూచన మాత్రమే' అంటారు. ఆ 'మాత్రమే' ఎక్కడుంది? ఏ పత్రం, ఏ అధ్యాయం, ఏ పేరా?

ఆగ్స్‌బర్గ్ ప్రమాణం 13వ అంశం తీయండి. సంస్కారాలు మనుషుల మధ్య మన విశ్వాసాన్ని చూపే గుర్తులు మాత్రమే కావు, మన పట్ల దేవుని చిత్తానికి సాక్ష్యాలు కూడా అంటుంది. 1571లో స్థిరపడిన ఆంగ్లికన్ల ముప్పైతొమ్మిది అంశాల్లో 25వది చూడండి. అవి క్రైస్తవుల గుర్తులు మాత్రమే కావు, దేవుడు మనలో పనిచేసే ఫలవంతమైన సూచనలు అంటుంది. 'మాత్రమే' అనే మాట ఈ రెండింటిలోనూ ఉంది. కాదనడానికే ఉంది.

లూథరన్లు, ఆంగ్లికన్లు సరే, మిగతావారి సంగతేమిటంటారా? వెస్ట్‌మిన్‌స్టర్ 29వ అధ్యాయం, ఏడో పేరా: యోగ్యంగా పాలుపొందేవారు సిలువ వేయబడిన క్రీస్తును నిజంగా పుచ్చుకుంటారు, ఆయనను భుజిస్తారు, శరీర సంబంధంగా కాదు, ఆత్మ సంబంధంగా, విశ్వాసం ద్వారా. 1689 బాప్టిస్టు ప్రమాణం 30వ అధ్యాయం, ఏడో పేరా కూడా 'నిజంగా' అనే అంటుంది. బాప్తిస్మం దగ్గర అంత గట్టిగా విడిపోయిన ఈ ఇద్దరూ బల్ల దగ్గర దాదాపు ఒకే వాక్యం రాసుకున్నారు. 'ఆత్మ సంబంధంగా' అన్నచోట 'ఊహలో' అని చదివేవారున్నారు. జెనీవా సంస్కర్త కాల్విన్ బోధలో ఆ మాటకు అర్థం 'పరిశుద్ధాత్మ వలన'. పరలోకంలో ఉన్న క్రీస్తుతో విశ్వాసిని ఆత్మ కలుపుతాడన్నది ఆయన బోధ. తలంపు గురించి కాదు ఆ మాట, జరిగే పని గురించి.

ఈ పొరపాటుకు మన భాష కూడా కొంత దారితీస్తుంది. 1529 అక్టోబరులో మార్బుర్గ్‌లో జర్మనీ సంస్కర్త లూథర్, జూరిక్ సంస్కర్త జ్వింగ్లీ ఎదురెదురుగా కూర్చున్నారు. లూథర్ బల్ల మీద సుద్దముక్కతో 'ఇది నా శరీరము' అనే మాటలను లాటిన్‌లో రాసి గుడ్డ కప్పాడు. వాదం ముదిరాక గుడ్డ తొలగించి ఆ మాటలు చూపాడు. పేచీ అంతా అందులోని 'ఎస్ట్' అనే చిన్న క్రియ మీద. 'అయి ఉంది' అని లూథర్, 'సూచిస్తుంది' అని జ్వింగ్లీ. తెలుగులో ఆ వాక్యం చదవండి: 'ఇది నా శరీరము'. క్రియ లేదు. వాళ్లు పట్టుబట్టిన మాట మన వాక్యంలో కనిపించనే కనిపించదు. అందుకే మన పాఠకుడు ఆ ఖాళీని తనకు అలవాటైన భావంతో నింపేసుకుంటాడు. ఆ సమావేశంలో 15 అంశాలు రాశారు. 14 అంశాల్లో అంగీకారం కుదిరింది. పదిహేనోది, భోజనం గురించినది, దగ్గర చాలామటుకు ఒప్పుకొని, క్రీస్తు నిజమైన శరీరం, రక్తం రొట్టెలోను ద్రాక్షారసంలోను శారీరకంగా ఉన్నాయా అన్నచోట ఆగిపోయారు.

జ్ఞాపకార్థ దృక్పథమే లేదని నేననడం లేదు. 1963 నాటి సదరన్ బాప్టిస్టు విశ్వాస ప్రకటన ఈ భోజనాన్ని సూచనప్రాయమైన విధేయతా క్రియ అంటుంది, విమోచకుని మరణాన్ని స్మరించడం గురించి చెబుతుంది. అక్కడ 'సూచన' అని రాయండి, సరైనదే. బాప్టిస్టులే 1689లో ఒకలా, 1963లో ఇంకొకలా రాశారని గమనించండి. ఆ పత్రం చెప్పినదాన్ని ఈ పత్రం నోట పెట్టకండి. ఇంత చెప్పినా, ఆ 'మాత్రమే' ఏ పత్రంలో ఏ పేరాలో ఉందో చూపించాలన్న నా పట్టు మారలేదు.

తేడా పట్టడానికి నేను వాడే ప్రశ్న ఒకటుంది: విశ్వాసం లేనివాడు ఆ బల్లలో పాలుపొందితే అతనికి ఏమి దక్కింది? లూథరన్ల జవాబు: అతనూ క్రీస్తు శరీరాన్నే పుచ్చుకున్నాడు, అయితే తీర్పు కోసం. ముప్పైతొమ్మిది అంశాల్లో 29వది, వెస్ట్‌మిన్‌స్టర్ 29వ అధ్యాయం ఎనిమిదో పేరా చెప్పేది: బయటి రొట్టె, ద్రాక్షారసం పుచ్చుకున్నాడు గానీ క్రీస్తును పుచ్చుకోలేదు, అయినా తీర్పుకు లోనవుతాడు. 'సన్నిధి' గురించి, అంటే ఆ బల్లలో క్రీస్తు ఎలా ఉంటాడన్నదాని గురించి, పేజీలకొద్దీ చదివినా తేలనిది ఈ ఒక్క ప్రశ్నతో తేలుతుంది.

బల్ల ఎన్నిసార్లు జరపాలన్నది ప్రమాణాల్లో సాధారణంగా దొరకదు, సంఘ నియమావళిలో వెతకాలి. కాల్విన్ తరచుగా జరపాలని కోరినా, 1541 నాటి జెనీవా నియమావళిలో ఏడాదికి నాలుగుసార్లనే ఉంది. బోధకుడు కోరినదీ సంఘం పాటించినదీ ఎప్పుడూ ఒకటే కాదు.

అభ్యాసం. ఈసారి ఎక్కువ సమయం పడుతుంది, రెండు వారాలు తీసుకోండి. వెస్ట్‌మిన్‌స్టర్, సవాయ్, 1689 ప్రమాణాల్లో ప్రభురాత్రి భోజనం గురించిన అధ్యాయాలను మూడు నిలువు వరుసల్లో చేత్తో రాయండి. అచ్చువేసిన ప్రతి తెచ్చుకోవద్దు. రాస్తేనే మారిన మాట కంటికి తగులుతుంది. మారిన ప్రతి మాట కింద గీత గీయండి. తర్వాత బల్ల నుంచి నిలిపివేయబడిన ఆ స్త్రీ తరఫున మూడు మనవులు రాయండి, ఒక్కో ప్రమాణానికి ఒకటి. ఎవరిని ఉద్దేశించి రాస్తున్నారో మొదటి వాక్యంలోనే ఉండాలి, ఏ పేరా ఆధారమో రెండో వాక్యంలో ఉండాలి. చివరగా, ఆగ్స్‌బర్గ్ పదో అంశాన్నీ ముప్పైతొమ్మిది అంశాల్లో 28వదాన్నీ చెరొక తెలుగు వాక్యంలో చెప్పండి. ఆ రెండు వాక్యాల్లో 'మాత్రమే', 'కేవలం', 'ఊరికే' అనే మాటలు రాకూడదు. వస్తే ఆ వాక్యం కొట్టేసి పత్రాన్ని మళ్లీ మొదటి నుంచి చదవండి.