అంబాసిడర్ డీజిల్ హెడ్ ఇంట్లోనే మార్చాలంటే

హెడ్ అంటే ఇంజన్ సిలిండర్ల పైన మూతలా ఉండే భాగం. పాత 1489 సీసీ ఇంజన్‌కు టైమింగ్ బెల్ట్ గొడవ లేదు, పుష్ రాడ్లే (వాల్వులు తెరుచుకునేలా నెట్టే కడ్డీలు). అందుకే ధైర్యంగా చెబుతున్నా.

ఇంజన్ పూర్తిగా చల్లారాక బ్యాటరీ వైరు తీసి, రేడియేటర్ నీళ్లు వదిలేయండి. మానిఫోల్డులు (గాలి, పొగ వెళ్లే గొట్టాలు), హోస్‌లు, డీజిల్ పైపులు, ఇంజెక్టర్లు (డీజిల్ చిమ్మేవి) విప్పండి. పైపుల మూతులకు వెంటనే ప్లాస్టిక్ కవర్ కట్టండి. దుమ్ము లోపలికి పోతే పంపు, నాజిళ్లు దెబ్బతింటాయి.

పుష్ రాడ్లను అట్టముక్కకు చిల్లులు పెట్టి, నంబర్లు రాసి, అదే వరుసలో గుచ్చండి. హెడ్ నట్లు బయటి నుంచి లోపలికి, కొంచెం కొంచెంగా వదులు చేయాలి. హెడ్ పోత ఇనుముది. ఒక్కరే ఎత్తొద్దు, నడుం పోతుంది.

బ్లాక్ (హెడ్ కింద సిలిండర్లున్న భాగం) పైభాగం మసి గీకి, స్టీలు స్కేలు నిలబెట్టి, సందు కొలిచే పలుచని రేకుల ఫీలర్ గేజ్‌తో అడ్డంగా, ఐమూలగా చూడండి. కొత్త హెడ్‌నూ అలాగే చూడండి; సందు ఎక్కువుంటే లేత్ షాపుకే. హెడ్‌కూ బ్లాక్‌కూ మధ్య ఉండే పాత గ్యాస్కెట్ ఎంత బాగున్నా పారేయండి. ఇంజెక్టర్ల కింద రాగి వాషర్లూ కొత్తవే వేయండి.

బిగింపు మాత్రం మధ్య నుంచి బయటికి, మూడు విడతల్లో, బిగింపు బలం కొలిచే టార్క్ రెంచ్‌తో మాన్యువల్ లెక్క ప్రకారం. చేతి అంచనా పనికిరాదు. తర్వాత టాపెట్లు (వాల్వుల దగ్గరి సందు) సెట్ చేసి, నీళ్లు పోసి, డీజిల్ లైన్లో గాలి తీసి స్టార్ట్ చేయండి.