అడవి మంటలు మామిడి తోటలోకి రాకుండా ఫైర్‌లైన్ తీయడం ఎలా?

శేషాచలం కొండల కింద భాకరాపేట, రంగంపేట, మామండూరు వైపు తోటలున్నవాళ్ళు ఫైర్‌లైన్, అంటే మంట దాటకుండా తోట అంచున గడ్డీ ఆకూ తీసేసి ఉంచే ఖాళీ మట్టి పట్టీ, పని జనవరిలోనే ముగించాలి. పూతకు మందు కొట్టే హడావుడిలో దీన్ని మార్చికి నెట్టేస్తారు. అప్పటికి బోదగడ్డి నిలువునా ఎండి, అడవి ఆకంతా నేల మీద పరుచుకుని ఉంటుంది. 2014 మార్చిలో తిరుమల కొండల మీద రేగిన మంటలకు వాయుసేన హెలికాప్టర్లు రావాల్సి వచ్చింది. మన గట్టును మనమే కాచుకోవాలి.

మచ్చుకత్తి, కొడవళ్ళు, పారలు, చీపుర్లు, రోటవేటర్ ఉన్న ట్రాక్టర్, 200 లీటర్ల డ్రమ్ములు నాలుగు, గోనెసంచులు ఉంటే చాలు.

ఫైర్‌లైన్ మీ పట్టా భూమి లోపలే తీయాలి. రిజర్వు ఫారెస్టు హద్దురాయి దాటి పొద కూడా కొట్టకండి. బోద మనిషెత్తు పెరిగిన చోట 15 అడుగుల వెడల్పు, మోకాలెత్తు గడ్డయితే 10 అడుగులు. గడ్డి కోసి బయటికి మోశాకే రోటవేటర్ దించాలి, అదీ రెండుసార్లు. ఒక్కసారి తిప్పి వదిలేస్తే దుబ్బులు తలకిందులై పైనే ఎండుతాయి, మంట వాటి మీదుగానే తోటలోకి నడిచొస్తుంది. మట్టి తప్ప ఇంకేమీ కనబడకూడదు. రాళ్ళున్న చోట పారతో చెక్కక తప్పదు.

ఇక కోసిన గడ్డి సంగతి. పని చెడేది ఇక్కడే. ఎక్కువమంది గట్టు మీదే కుప్ప వేసి అగ్గిపుల్ల గీస్తారు. దయచేసి ఆ పని చేయకండి. ఎండెక్కాక గాలి కింది నుంచి కొండ పైకి వీస్తుంది, కుప్పలోంచి లేచిన రవ్వ నేరుగా అడవిలో పడుతుంది. తెల్లవారుజామున మంచు ఉంటుంది కదా, అప్పుడు కాలుద్దాం అనుకుంటారు. ఆ వేళకు గాలి కొండ దిగి వస్తుంటుంది, రవ్వలు తోట మీద పడతాయి. మంట మాత్రం వాలు పట్టి పైకే పాకుతుంది, ఎందుకంటే దాని సెగకు పైనున్న గడ్డి ముందే ఎండిపోయి అంటుకోవడానికి సిద్ధమవుతుంది. వాలు 10 డిగ్రీలు పెరిగితే మంట వేగం దాదాపు రెట్టింపవుతుంది. అంటే కొండ అంచున ఏ పూట అంటించినా ఏదో ఒక పక్క ముప్పే. మీ పట్టాలో పెట్టిన నిప్పు రిజర్వు ఫారెస్టులోకి పాకినా కేసు మీ మీదే పడుతుంది.

కాల్చకుండా వదిలించుకునే దారులు ఉన్నాయి. బోదను కొట్టాల కప్పుకు అడిగి పట్టుకుపోయేవాళ్ళు పల్లెల్లో ఇప్పటికీ దొరుకుతారు. మిగిలింది కంపోస్టు గుంతలో వేసి పేడనీళ్ళు చల్లాలి. మామిడి పాదుల్లో పరిస్తే తేమ నిలుస్తుంది, కానీ అడవి వైపు మొదటి రెండు వరుసల్లో మాత్రం పరచకూడదు.

ఎండిన ముళ్ళకంప కంచె ఉంటే ఈ శ్రమంతా వృథా. ఒక మూల అంటుకుంటే తోట చుట్టూ మంట తిప్పుకొస్తుంది. ఆ వైపు కిత్తనార నాటుకోవడమే మేలు, పచ్చిగా ఉంటుంది, పశువులూ దాటవు.

ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఆకు రాలుతూనే ఉంటుంది కాబట్టి పది రోజులకోసారి ఫైర్‌లైన్ ఊడవాలి. గట్టు పక్క చెట్లకు నేల నుంచి మూడడుగుల దాకా కొమ్మలు కోసేయండి. డ్రిప్ పైపులు అక్కడి నుంచి లోపలికి జరపండి, సెగ తగిలితేనే కరిగిపోతాయి. డ్రమ్ములు నింపి ఉంచండి. మంటలప్పుడు కరెంటు పోతే మోటారు ఆడదు.

మంట గట్టు దాకా వస్తే ముందు ఫారెస్టు బీట్ ఆఫీసర్‌కు, 101కు ఫోన్ చేయండి. లైను దాటిన చిన్న మంటను తడి గోనెతోనో పచ్చి కానుగ రొట్టతోనో అదిమి ఆర్పాలి. ఎత్తి బాదితే రవ్వలు ఎగిరి వెనక పడతాయి. మనిషెత్తు మంటకు ఎదురు వెళ్ళకండి, తోట వదిలి రండి. ఆరాక రెండు రోజులు మొద్దులు, వేళ్ళ దగ్గర చెయ్యి తిరగేసి సెగ చూసుకుంటూ, వేడి తగిలిన చోటల్లా తవ్వి నీళ్ళు పోయండి.