మేకల దొడ్డి కంచె: జాలీలో, కూసాల్లో వచ్చే సమస్యలు, వాటి పరిష్కారాలు

మేక కంచె దాటి పక్కవాళ్ల కంది చేలో పడిందంటే, జాలీ ఎత్తు చాలలేదనే మాటే మనకు ముందుగా తోస్తుంది. నిజానికి ఐదడుగుల జాలీని ఎగిరి దూకే మేకలు మందలో ఒకటో రెండో ఉంటాయి. మిగిలినవన్నీ జాలీ వంగినచోట ఎక్కి, అడుగున సందు ఉన్నచోట దూరి, గేటు వదులుగా ఉన్నచోట తోసుకుని బయటపడతాయి. ఆ వంపులకూ సందులకూ మూలం చాలాసార్లు జాలీలో కాక కూసంలో, అంటే జాలీని నిలబెట్టే కంచె స్తంభంలో ఉంటుంది. అందుచేత చేతిలో డబ్బు తక్కువగా ఉన్నప్పుడు మూల కూసాలకు ముందు ఖర్చుపెట్టి, జాలీ విషయంలో కొంత సర్దుకోవడమే మేలని నా అభిప్రాయం. రాయలసీమలో కూసాలనేవాటినే తెలంగాణలో కడీలంటారు. ఇక్కడ ఒకే మాట వాడుతున్నాను.

మరమ్మతుకు దిగే ముందు మూల కూసం పక్కన నిలబడి, ఒక కన్ను మూసి, పై తీగ వెంట ఆ చివరిదాకా చూడండి. తీగ ఒక్క అంకణంలోనే, అంటే రెండు కూసాల మధ్య భాగంలోనే, కిందికి దిగి ఉంటే లోపం ఆ అంకణంలోనే ఉంది. వరుస మొత్తం వదులుగా కనిపిస్తే మూల కూసం లోపలివైపు వాలిందన్నమాట.

జాలీ సంచిలా వేలాడుతోంది

ఒక్క అంకణమే వేలాడుతుంటే పైకి చూడండి. దాదాపు ఎప్పుడూ అక్కడ కంచె బయటినుంచి ఏ సుబాబుల్ కొమ్మో వేప కొమ్మో వంగి ఉంటుంది. మేక ముందుకాళ్లు జాలీ మీద మోపి, వెనకకాళ్ల మీద నిలబడి ఆకు అందుకుంటుంది, దాని బరువంతా ప్రతిరోజూ అదే చోట పడుతుంది. ఆ కొమ్మ కొట్టేయకుండా జాలీ ఎన్నిసార్లు బిగించినా ప్రయోజనం ఉండదు. ఆ తరువాత కూసాల మధ్య దూరం కొలవండి. పంట చేను కంచెకు పన్నెండు, పదిహేను అడుగుల ఎడం సరిపోవచ్చుగాని మేకలకు ఎనిమిది నుంచి పది అడుగులు దాటకూడదు. చైన్ లింక్ జాలీ తనంతట తాను నిలబడదు కనుక పైన, నడుమ, అడుగున మూడు లాగుడు తీగలు తప్పనిసరిగా ఉండాలి.

వరుస అంతా వదులైతే మూల కూసానికి దన్ను లేదని అర్థం. వరుసలో కూసం ఏడడుగులది వేసి రెండడుగులు పాతితే చాలు. మూలల్లోనూ గేటు పక్కనా ఎనిమిది అడుగులది వేసి మూడడుగులు పాతాలి, ఏటవాలు దన్ను కూడా పెట్టాలి. జాలీ రెండు వైపులకు సాగే మూలకు రెండు దన్నులు కావాలి. దన్ను పై కొస కూసాన్ని భూమి నుంచి మూడింట రెండు వంతుల ఎత్తున తాకాలి, కింది కొస నేలలో ఒక చదునైన బండ మీద కూర్చోవాలి. బండ లేకపోతే తీగ బిగించిన కొద్దీ దన్ను మట్టిలోకి దిగబడుతుంది.

జాలీ కొనేటప్పుడు గేజి సంగతి గుర్తుంచుకోవాలి. అంకె పెరిగిన కొద్దీ తీగ సన్నబడుతుంది: 10 గేజి తీగ మందం సుమారు 3.25 మిల్లీమీటర్లు, 12 గేజిది 2.64, 14 గేజిది 2.03. జాలీ కన్ను (రంధ్రం) పరిమాణం ఒకటే అయితే 12 గేజి జాలీలో 14 గేజి కంటే డెబ్బై శాతం దాకా ఇనుము ఎక్కువ ఉంటుంది కనుక, కట్ట లెక్కన ధర అడగకుండా తూకం వేయించి కొనడం మంచిది. 12 గేజి అని చెప్పి నాకు ఒకసారి 14 గేజి అంటగట్టారు. కంటికి తేడా తెలియలేదు, తూకంలో తెలిసింది. మేకలకు 12 గేజి సరిపోతుంది, పోతుల దొడ్డికి మాత్రం 10 గేజి వేయించాలి.

మరో చిన్న లోపం కూడా పెద్ద నష్టం తెస్తుంది. జాలీని కూసానికి కట్టడానికి మేస్త్రీలు స్లాబు కమ్మీలు కట్టే నల్ల బైండింగ్ వైరు వాడతారు, జింకు పూత లేని ఆ వైరు ఒకటి రెండు వానాకాలాల్లో తుప్పుపట్టి తెగుతుంది. జాలీ బాగానే ఉన్నా కట్లు వీడిపోయి కంచె పడిపోతుంది. కట్లకు కూడా జింకు పూత ఉన్న జీఐ తీగే వాడమని పట్టుబట్టాలి.

కూసాలు వాలిపోతున్నాయి, విరిగిపోతున్నాయి

నల్లరేగడి భూమి ఎండకు నెర్రెలిచ్చి, వానకు ఉబ్బుతుంది. ఏటా ఇలా జరిగేచోట రెండడుగుల గుంతలో అదే మట్టి పోసి తొక్కిన కూసం నిలవదు. అటువంటి భూమిలో గుంత మూడడుగులు తీసి, తీసిన నల్లమట్టిని పక్కన పడేసి, మొరం, రాళ్లు కలిపి జానెడు మందాన పొరలుగా పోస్తూ ప్రతి పొరనూ గడ్డపార మొద్దు కొసతో దిమ్మిస చేయాలి. పూర్తిగా నింపిన తరువాత పైనుంచి దంచితే పైభాగం మాత్రమే గట్టిపడి అడుగు గుల్లగా మిగులుతుంది. ఎర్ర చల్కలో ఇంత శ్రమ అక్కరలేదు.

ఇనుప యాంగిల్ కూసం సరిగ్గా నేల తాకే చోట తుప్పుపట్టి విరుగుతుంది, ఎందుకంటే వాన నీరు, మేకల మూత్రం, పెంట అక్కడే నిలుస్తాయి. చుట్టూ కాంక్రీటు పోసినా అది నేలకు సమంగా ఉంటే నీరు అంచున చేరి అదే పని చేస్తుంది, కాబట్టి కాంక్రీటును నేలకు మూడు నాలుగు అంగుళాల పైదాకా తెచ్చి, నీరు జారిపోయేలా గోపురంలా వాలుగా తీర్చాలి. సిమెంటు కూసం నిలువునా పగిలి, ఆ పగులులోంచి ఎర్రటి చార కారుతుంటే లోపలి కమ్మీ తుప్పుపట్టి ఉబ్బిందన్నమాట. దానికి పూత పూయడం దండగ, మార్చేయాలి.

రాతి కూసానికి చెద లేదు, తుప్పు లేదు. దొరికే ప్రాంతంలో నేను దానికే ఓటు వేస్తాను. అయితే పైకి కనిపించని జీర (సన్నని పగులు) ఉన్న రాయి పోతు ఢీకొన్న రోజున రెండు ముక్కలవుతుంది. లారీ దించేటప్పుడే ప్రతి కూసాన్నీ ఒక కొస ఎత్తిపెట్టి సుత్తితో తట్టి చూడండి. గట్టి రాయి గంటలా ఖంగుమంటుంది, జీర ఉన్నది పగిలిన కుండలా డొల్ల శబ్దం చేస్తుంది. సరుగుడు, నీలగిరి కర్రలు చెదపట్టే నేలలో ఎక్కువ కాలం నిలవవు కనుక తాత్కాలికపు దొడ్డికి తప్ప వాటిని లెక్కలోకి తీసుకోను.

తల జాలీలో ఇరుక్కుంటోంది

ఇది ఆరంగుళాల చదరపు కన్నులున్న జాలీతో వచ్చే చిక్కు. మేక కొమ్ములు వెనక్కి వాలి ఉంటాయి కనుక తల సులువుగా దూరుతుంది, తిరిగి లాగేటప్పుడు కొమ్ము తీగకు కొక్కెంలా తగులుకుంటుంది. మా దొడ్డిలో ఆరు నెలల పిల్ల ఒకటి ఇలా ఇరుక్కుని ఎండలో గంటకు పైగా నిలబడిపోయింది. నేను చేరేసరికి నాలుక బయటపెట్టి రొప్పుతోంది, బెదిరి వెనక్కి గుంజుకున్న కొద్దీ తీగ మెడలోకి దిగుతోంది. అటువంటప్పుడు వెనక్కి లాగకూడదు. తలను ఇంకొంచెం ముందుకు నెట్టి, మూతిని పైకెత్తి, పక్కకు తిప్పి ఒక్కో కొమ్మునే దాటించాలి.

కొత్తగా కొనేవారు రెండంగుళాల లేదా మూడంగుళాల కన్ను జాలీ తీసుకుంటే ఈ బాధ ఉండదు. ఉన్న జాలీ మార్చే స్తోమత లేకపోతే, అలవాటుపడ్డ ఒకటి రెండు మేకల కొమ్ములకు అడ్డంగా అడుగున్నర కర్రను టేపుతో కట్టి కొన్ని వారాలు ఉంచవచ్చు. కంచె అవతల మూరెడు మేర పచ్చగడ్డి లేకుండా చెక్కేస్తే తల దూర్చే పనే తగ్గుతుంది.

ఎక్కి దాటుతున్నాయి, అడుగునుంచి దూరుతున్నాయి

ఎక్కడానికి మనమే మెట్లు కడతాం. కంచెకు ఆనించిన దాణా తొట్టి, రాళ్ల కుప్ప, అన్నిటికంటే ముఖ్యంగా లోపలివైపు తేలిన ఏటవాలు దన్ను మేకకు నిచ్చెనలు. జాలీని కూసాలకు లోపలివైపు, అంటే మేకలుండే వైపు కడితే దన్ను జాలీకి అవతల పడుతుంది. పైగా మేకలు ఒరిగినప్పుడు ఆ తోపు కూసం మీద పడుతుంది. బయటివైపు కడితే ప్రతి తోపూ కట్లనే లాగుతుంది.

అడుగున పిల్లలు దూరడం కంటే ఊరకుక్కలు తవ్వుకుని లోపలికి రావడం పెద్ద ప్రమాదం. జాలీని లోతుగా పాతనక్కరలేదు. రెండడుగుల వెడల్పు జాలీ ముక్కను కంచె మొదలుకు కట్టి, బయటివైపు నేల మీద పరిచి, రాళ్లు పెట్టి మట్టి కప్పితే చాలు. కుక్క కంచె మొదట్లోనే తవ్వుతుంది, గోరుకు తీగ తగలగానే వదిలేస్తుంది. రెండడుగులు వెనక్కి జరిగి తవ్వాలన్న ఆలోచన దానికి రాదు.

పొదుగు, చెవులు చీరుకుపోతున్నాయి

ముళ్ల తీగే కారణం. వరుసల మధ్య దూరే మేకను అది ఆపదు, గాయపరుస్తుంది. ఆ గాయం ధనుర్వాతానికి దారితీయవచ్చు. దాన్ని జాలీకి పైన, బయటివైపు ఒక్క వరుసకే పరిమితం చేయండి.

సోలార్ కంచె షాక్ ఇవ్వడం లేదు

వానాకాలంలో పనిచేసి వేసవిలో ఆగిపోతే లోపం ఎర్తింగులో ఉంటుంది, ఎండిన నేల గుండా విద్యుత్తు వలయం పూర్తికాదు. ఆరడుగుల జీఐ కడ్డీలు మూడింటిని పదేసి అడుగుల ఎడంతో దిగగొట్టి, వాటిని తీగతో కలిపి, మొదట్లో నీరు పోస్తుండాలి. వానాకాలంలోనే బలహీనపడితే తీగను తాకుతున్న గడ్డి, పగిలిన ఇన్సులేటర్లు చూడాలి. వోల్టు మీటరులో 4,000 కంటే తగ్గితే దట్టమైన వెంట్రుకలున్న మేక లక్ష్యపెట్టదు. కంచెకు కరెంటు పంపే పెట్టె, అంటే ఎనర్జైజర్, సెకనుకొకసారి అతి స్వల్పకాలం షాక్ ఇస్తుంది కనుక సాధారణంగా ప్రాణహాని ఉండదు. స్తంభం నుంచి నేరుగా కరెంటు తీసి కంచెకు కలపడం మాత్రం మనుషుల ప్రాణాలు తీసే నేరం.

గేటు దగ్గర

గేటు కింద వాడుకతో గుంట పడి, ఆ సందులోంచి పిల్లలు దూరుతాయి. అక్కడ గడపలా ఒక నాపరాయి పరిస్తే గుంట పడదు. గేటు లోపలికే తెరుచుకోవాలి, అప్పుడు మంద తోసిన కొద్దీ అది చట్రానికే బిగుసుకుంటుంది. పైకెత్తే గడియను మేక మూతితో ఎత్తేస్తుంది కనుక పక్కకు జరిపే గడియ పెట్టించి, దాని రంధ్రంలో ఒక చీల వేలాడదీయాలి, అదీ బయటివైపు నుంచి.