ఏఐ ఏజెంట్‌కు స్క్రీన్ చూపెట్టే ముందు ఇవి చూస్కోండ్రి

హన్మకొండ, కాజీపేట దిక్కు ఫైనలియర్ ప్రాజెక్టులు చేస్తున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు, ఏఐ ఏజెంట్‌కు (మనం చెప్పిన పనిని కంప్యూటర్ల తనే చేసే ఏఐ ప్రోగ్రామ్) మన స్క్రీన్ ఫొటో తీసిచ్చే స్క్రీన్‌షాట్ టూల్ ఆన్ చేసే ముందు:

- బ్యాంకు పేజీ, ఓటీపీ, వాట్సాప్ వెబ్ అన్నీ బంద్ చేయుండ్రి. క్లౌడ్ మోడల్ (ఇంటర్నెట్ల కంపెనీ సర్వర్ మీద నడిచే ఏఐ) అయితే ఫొటో మన లాప్‌టాప్ దాటి పోతది, పోయినంక వాపస్ రాదు, గందుకే ఫుల్ స్క్రీన్ ఇయ్యకుండ పనికొచ్చే ఒక్క విండోనే ఇయ్యాలె.

- తెల్వని వెబ్‌సైట్ తెరిచి పెట్టొద్దు. పేజీల రాసున్న మాటనే మన ఆర్డర్ అనుకొని ఏజెంట్ పని చేసే ప్రమాదముంది.

- మ్యాక్‌ల స్క్రీన్ రికార్డింగ్ పర్మిషన్ ఇచ్చినంక యాప్ మూసి తెరవాలె, లేకుంటే ఉత్త వాల్‌పేపరే రావొచ్చు.

- మ్యాక్ రెటీనా స్క్రీన్ల (చుక్కలు బాగ దగ్గరగ ఉండే స్క్రీన్) ఫొటో పొడుగు, వెడల్పు మామూలుగ 2 రెట్లు పెద్దగ వస్తది, ఆ లెక్క సరిచేయకుంటే ఏజెంట్ కొట్టే క్లిక్ వేరే కాడ పడ్తది.

- సన్నక్షరాలుంటే జూమ్ చేసి తీయుండ్రి.

- పాత స్క్రీన్‌షాట్ల ఫోల్డర్ గూడ ఖాళీ చేయాలె.