కళాశాల రోజుల్లో ఫోనును అదుపులో పెట్టుకునే పద్ధతి

భీమవరం, అమలాపురం కళాశాలలకు చుట్టుపక్కల పల్లెల నుంచి బస్సుల్లో వచ్చే విద్యార్థులకు చాలా స్నేహాలు కుదిరేది ఆ ప్రయాణంలోనే కనుక, ముందుగా ఆ సమయంలో రీల్స్ చూడడం మానుకోవాలి. తరగతి వాట్సాప్ గ్రూపును వదిలేయకూడదు. ల్యాబ్ మార్పులు అందులోనే తెలుస్తాయి. కబుర్ల గ్రూపులను మాత్రం మ్యూట్ చేయవచ్చు, పాఠాలున్న రోజుకు 8 గంటలు చాలు. ఆండ్రాయిడ్ ఫోను సెట్టింగుల్లో వాడకాన్ని అదుపు చేసే డిజిటల్ వెల్‌బీయింగ్ అనే విభాగంలో ఇన్‌స్టాగ్రామ్‌కు రోజుకు 30 నిమిషాల టైమరు పెడితే, గడువు తీరగానే ఆ యాప్ ఆ రోజుకు ఆగిపోతుంది. అయితే టైమరును తొలగించడం కూడా తేలికే, అసలు చిక్కంతా అక్కడే ఉంది. అందుకే హాస్టల్ గదిలో రాత్రి ఫోనును మంచానికి దూరంగా ఛార్జింగుకు పెట్టాలి. సంక్రాంతి ముగ్గుల పోటీలో వీడియో తీసే పని ఒకరికి అప్పగించి, మిగిలినవారు ముగ్గు వేయాలి.