కొవ్వొత్తి ఆవిరి పడవ కదలట్లేదా? లోపం ఇలా పట్టుకోండి

ఇక్కడ చెప్పేది రాగి గొట్టం చుట్టతో చేసే పడవ గురించి. గొట్టం బయటి వ్యాసం 3 మి.మీ., పొడవు 30 సెం.మీ. దాని మధ్య భాగాన్ని 12 మి.మీ. లావున్న కర్రకి రెండున్నర చుట్లు చుట్టాలి. ఆ అర చుట్టు ఉంటేనే రెండు కొసలూ ఒకే వైపు తిరుగుతాయి. ఒక్కో కొస 9 సెం.మీ. దాకా మిగులుతుంది.

చుట్ట కొవ్వొత్తి మంట మీద, రెండు కొసలూ పడవ వెనక నీళ్లలో ఉంటాయి. చుట్టలో నీరు మరిగి, ఆ ఆవిరి గొట్టంలోని నీటిని వెనక్కి తోస్తుంది. చల్లటి భాగానికి చేరగానే ఆవిరి నీరైపోతుంది, ఖాళీ అయిన చోటుకి బయటి నీరు లోపలికొస్తుంది. పోయే నీరు ధారగా వెనక్కే పోతుంది, వచ్చే నీరు అన్ని పక్కల నుంచీ వస్తుంది. అందుకే పడవ ముందుకే నడుస్తుంది.

మంట బాగానే ఉంది, పడవ ఉలకదు పలకదు

పదింట తొమ్మిదిసార్లు గొట్టంలో గాలే కారణం. ఆవిరి చల్లారితే నీరవుతుంది, గాలి అవ్వదు. అది మధ్యలో మెత్తలా నక్కి ప్రతి తోపునీ మింగేస్తుంది. పడవని తొట్టిలో పెట్టి ముంచినంత మాత్రాన గొట్టం నిండదు. సూది తీసేసిన 5 మి.లీ. సిరంజితో ఒక కొస నుంచి మెల్లగా నీళ్లు ఎక్కించండి. రెండో కొస నుంచి బుడగ లేకుండా ధార వచ్చేదాకా ఆపొద్దు. రెండు కొసల్నీ వేళ్లతో మూసి, పడవని నీళ్లలో దించి, కొసలు మునిగాకే వేళ్లు తీయండి. కొవ్వొత్తి ఆ తర్వాతే వెలిగించాలి. ఒక నిమిషం దాకా ఓపిక పట్టండి.

ఒక జాగ్రత్త: మంట మీద ఉండగా రెండు కొసల్నీ ఎప్పుడూ మూయకూడదు. ఆవిరికి దారి లేకపోతే ప్రమాదం.

అప్పటికీ కదలకపోతే గొట్టం చూడండి. ఫ్రిజ్ మెకానిక్‌లు వాడే కేపిలరీ ట్యూబు తెచ్చారా? దాని రంధ్రం మరీ సన్నం, నీరు అటూ ఇటూ ఆడదు. చుట్టేటప్పుడు గొట్టం నొక్కుకుపోయినా అంతే. ముందే మెత్తటి ఉప్పు కూరి చుడితే నొక్కుపడదు, తర్వాత నీళ్లతో కడిగితే ఉప్పు కరిగిపోతుంది. ఇసుకైతే ఇరుక్కుంటుంది.

కాసేపు నడిచి ఆగిపోతుంది

నీటిలో కరిగి ఉన్న గాలి వేడికి విడివడి చుట్టలో చేరుతుంది. కాచి చల్లార్చిన నీళ్లతో గొట్టం నింపితే ఈ బాధ తగ్గుతుంది. కొసల నుంచి బుడగలు వస్తూ పడవ నిలబడిపోతే మాత్రం చుట్ట ఎండిపోయినట్టు. మంట ఆర్పి, చల్లారాక మళ్లీ నింపండి.

చుట్టకి మసి పడుతోంది, వేగం లేదు

చుట్ట వత్తికి మరీ దగ్గరగా ఉందన్నమాట. మంటలో వేడి ఎక్కువుండేది పై కొస దగ్గర, చుట్ట అడుగు అక్కడ తాకాలి. టీలైట్ (రేకు గిన్నెలో వచ్చే చిన్న కొవ్వొత్తి) మంట చాలకపోతే పుట్టినరోజు కొవ్వొత్తులు రెండు ముక్కలు పక్కపక్కన నిలబెట్టండి. మసిని చల్లారాక గుడ్డతో తుడవండి.

గుండ్రంగా తిరుగుతోంది

కొసలు సమాంతరంగా లేవు, లేదా కొవ్వొత్తి బరువు ఒక పక్కకి పడింది. రెండు కొసలూ నీటి మట్టానికి 1 సెం.మీ. లోతున, తిన్నగా వెనక్కి చూడాలి. కిందికి చూస్తే తోపు వృథా.

వెనక భాగం మునుగుతోంది

కొవ్వొత్తిని ముందుకి జరపండి. గొట్టం దూరిన రంధ్రాల్ని మైనంతో మూస్తే వేడికి కరిగి కారుతుంది, ఎం-సీల్ పెట్టండి. థర్మోకోల్ పడవైతే మంట కింద అల్యూమినియం ఫాయిల్ రెండు మడతలు పరవాల్సిందే, లేకపోతే కుంగిపోతుంది, అంటుకుంటుంది కూడా. పాల డబ్బా అట్టతో చేసిన పడవకీ ఫాయిల్ తప్పదు.

టకటకమనే చప్పుడు రావట్లేదు

ఇది లోపమే కాదు. తిరునాళ్లలో అమ్మే రేకు పడవలో చప్పుడు చేసేది పల్చటి రేకు పొర. ఆవిరి ఒత్తిడి మారినప్పుడల్లా అది లోపలికీ బయటికీ ఆడుతుంది. రాగి చుట్టలో ఆ పొర లేదు, కాబట్టి దాదాపు నిశ్శబ్దంగానే నడుస్తుంది.